కొనే రాళ్లు, అమ్మే రాళ్లు

ధాత సంవత్సరం ఏరువాక పున్నమి నాటికి మైదుకూరు రామలింగయ్య శెట్టికి వానల బెంగ లేదు, విత్తనాల బెంగ లేదు. వానలు ముందే పడ్డాయి. వేరుశనగ విత్తనపు కాయలు గోదాములో దూలాల దాకా నిండి ఉన్నాయి. ఆయనకున్న బెంగ ఒక్కటే. రాజంపేట జట్టుతో వస్తున్న సుందరం చెడుగుడు బరిలోకి దిగకూడదు.

చెడుగుడుకీ వేరుశనగ బేరానికీ ఏం సంబంధమని ఊరికి కొత్తవాళ్లు అడిగేవారు. సంబంధం ఉంది. రైతుకు నాలుగు ఊళ్లలో కాయలు కొనే మండీలు నాలుగు, ధర అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. బండి ఎటు మళ్లాలన్నది ఎద్దులు చెప్పవు, తోలేవాడి మనసు చెబుతుంది. ఏరువాక పున్నమినాడు ఏ ఊరి జట్టు గెలిస్తే ఏడాది పొడుగునా ఆ ఊరి పేరే రైతుల నోళ్లలో నానుతుంది, బండ్లూ అటే మళ్లుతాయి. పదేళ్ల కిందట ఈ సంగతి కనిపెట్టి, హమాలీల్లోంచి ఏడుగురిని ఏరి, మూటలు మోసే పని తప్పించి, తిండి పెట్టి ఆడించినవాడు రామలింగయ్య. ఆయన్ను చూసి మిగతా ఊళ్ల శెట్లూ జట్లు కట్టారు.

ఆ మొదటి ఏడుగురిలో సుందరం ఒకడు. ఊరికి కోసెడు దూరంలో ఉన్న కిరస్తానీ పేటవాడు. తండ్రి లేడు. తల్లి జీవమ్మకు రెండెకరాల మెట్ట చేను. వాడు కూత పెట్టి నడిగీత దాటాడంటే, చూసేవాడు వక్కాకు వేసుకుని నమిలి ఉమ్మే దాకా ఆ కూత తెగేది కాదు. జనం వాడికి రెండూపిర్ల సుందరమని పేరు పెట్టారు. రామలింగయ్య ఆ పేరును కడపలో కరపత్రాల మీద అచ్చు వేయించి సంతల్లో పంచాడు. పూలదండతో ఫొటో తీయించి మండీ గోడకు తగిలించాడు. పెళ్లికి పిలిచినట్టు ఊళ్లవాళ్లు వాణ్ణి పిలుచుకుపోయేవారు.

అంత పేరును గోడకు తగిలించి ఊరుకోవడం రామలింగయ్యకు చేతకాదు. కార్తీకంలో కాయల కాలం రాగానే సుందరాన్ని తక్కెడ దగ్గర నిలబెట్టాడు. రాళ్లు వేసేదీ తీసేదీ వాడే. ఆ తూకపురాళ్లు ఇనుముతో పోసినవే అయినా అందరూ రాళ్లనే అనేవారు. 'అబద్ధమాడని కులం, బరిలో కూడా తగలనివాణ్ణి తగిలినట్టు చెప్పడు, ఇంక తూకంలో మోసమేముంటుంది' అని రైతులు వాడి చేత తూయించుకోవడానికి పక్క ఊరి మండీ దాటి వచ్చేవారు. తొమ్మిదేళ్లు అలా సాగింది. సాయంత్రం తూకాలు అయిపోయాక శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ వాడు ముట్టిన తక్కెడ మీద పసుపునీళ్లు చల్లించేది. వాడి చేతుల మీదుగా లోపలికొచ్చిన కాయలకు మాత్రం ఏ నీళ్లూ అవసరం పడలేదు.

మొన్న ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్ల ఆటలో సుందరం మోకాలు తిరిగిపోయింది. మర్నాడే రామలింగయ్య వాడికి రోజూ పోసే శేరు పాలు ఆపేశాడు. ఎందుకని వాడు అడిగితే, "ఒట్టిపోయిన గొడ్డుకు చిట్టు పెడతారా?" అన్నాడు. పదిమంది ముందు అన్నాడు. సుందరం కుంటుకుంటూ రాజంపేట పోయాడు. అక్కడి నాగసుబ్బయ్య శెట్టి వాణ్ణి పుత్తూరు పంపి ఎముకల కట్టు కట్టించి, మూడు నెలలు పాలు పోసి, జట్టులో పెట్టుకున్నాడు. ఒక షరతు కూడా పెట్టాడు. ఈ పున్నమికి మైదుకూరును వాళ్ల ఊళ్లోనే ఓడిస్తే ఉంటావు, లేకుంటే నీ దావ నీది. శెట్లకు ఒకరి షరతులు ఒకరికి తెలియకుండా ఉండవు.

పున్నమినాడు పొద్దున్నే రామలింగయ్య రాజంపేట బస్సు దగ్గరికి తనే వెళ్లాడు. సరుకు దిగుతున్నప్పుడు చూడని వ్యాపారి తర్వాత చూసి లాభం లేదు. సుందరం దిగాడు. మోకాలికి గుడ్డకట్టు ఉంది, కుంటు లేదు. ఒళ్లు చేశాడు.

"ఏమప్పా సుందరం, మోకాలు ఎట్లుండాది?"

"పాలు తాగితే బాగైంది శెట్టీ."

"రాజంపేట పాలు పల్చన అంటారే."

"పల్చనో చిక్కనో, పోసినారు."

"నా మీద కోపమెందుకప్పా? ఒట్టిపోయిన గొడ్డును ఎవరు మేపుతారు? లోకమంతా అంతే కదా."

"ఆ మాట కోసమే వచ్చినాలే. గొడ్డు పాలిస్తాదో పొడుస్తాదో సాయంత్రం చూస్తువు."

రామలింగయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆయన ఏర్పాటు ఆయనకుంది.

ఆ ఆటలకు బరువు కట్టుబాటు ఉండేది. ఒక ఏడు ఎవరో పైల్వాన్లను దింపి ఒక మనిషి పక్కటెముకలు విరగ్గొట్టించిన తర్వాత పెద్దలు చేసిన కట్టు అది. జట్టులో ఏడుగురూ కలిసి ముప్పై ఎనిమిది మణుగులు మించకూడదు. ఆటకు ముందు జనం ఎదుటే తూచాలి. తక్కెడ, రాళ్లు ఆట జరిగే ఊరివి. బరువు మించితే అందరిలోకీ బరువైనవాణ్ణి దించి, వెంట తెచ్చుకున్న ఎనిమిదోవాణ్ణి ఎక్కించుకోవాలి. రాజంపేట జట్టులో అందరిలోకీ బరువైనవాడు సుందరం.

రామలింగయ్య మండీలో రాళ్లు రెండు జతలు ఉండేవి. కార్తీకంలో రైతు దగ్గర కాయలు కొనడానికి ఒక జత. మణుగంటే ఎనిమిది వీశెలు, ఆ జత మణుగు రాయిలో అంతకంటే కాస్త ఎక్కువ ఇనుము. ఏరువాకకు అదే రైతుకు విత్తనాలు అమ్మడానికి ఇంకో జత. అందులో కాస్త తక్కువ. ఆయన తండ్రి కాలం నుంచీ అంతే. దాన్ని మోసమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఎలకలు తినేదీ, ఎండకు తరిగేదీ ఎవరో ఒకరు భరించాలి కదా అనుకునేవాడు. రెండు జతలనూ ఒకే రోజు, ఒకే చోట బయటికి తీయకూడదన్నది మాత్రం తండ్రి మరీ మరీ చెప్పిన మాట. తండ్రికి చెడుగుడు తెలియదు.

మధ్యాహ్నం దాటాక సంత మైదానంలో మూడు దుంగలు నిలబెట్టి పెద్ద తక్కెడ వేలాడదీశారు. చుట్టూ బండ్లు, బండ్ల మీద మనుషులు. ఊరి కరణం కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ముందు మైదుకూరు జట్టును తూచారు, కొనే రాళ్లతో. రాయి బరువైతే మనిషి తేలికవుతాడు. ఏడుగురూ కలిసి ముప్పై ఏడు మణుగుల ఆరు వీశెలన్నాడు కరణం. జనం ఈలలు వేశారు.

రాజంపేటవాళ్లు లేచేసరికి రామలింగయ్య రాయి మీద చెయ్యి పెట్టి చురుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఎండకు కాలిపోతాండాయి రాళ్లు. ఎత్తేవాళ్ల చేతులు బొబ్బలెక్కుతాయి. ఇవి తీసి నీడలో ఉండేవి తెండ్రా" అన్నాడు. నిజంగానే కాలుతున్నాయి. అబద్ధానికి ఒక నిజం తోడుంటే చాలదా అనుకున్నాడు. కొనే రాళ్లు గోనెసంచిలోకి, సంచి బండి కిందికి పోయాయి. అమ్మే రాళ్లు వచ్చాయి.

ఆరుగురి తర్వాత సుందరం తక్కెడలో కూర్చున్నాడు. ఆరు మణుగుల రెండున్నర వీశెలు. మొత్తం ముప్పై తొమ్మిది మణుగుల నాలుగు వీశెలు.

"మించింది. ఎవరు బరువో వాణ్ణి దించండప్పా" అన్నాడు రామలింగయ్య, గొంతులో జాలి పెట్టి.

నాగసుబ్బయ్య ముఖం మాడ్చుకుని ఎనిమిదోవాడి కోసం చూశాడు. బక్కపలచటివాడు, పంచె బిగించుకోవడం కూడా చేతకావడం లేదు. సుందరం తక్కెడలోంచి దిగలేదు. వంగి, ఎదురు పళ్లెంలో ఉన్న రాయిని ఒంటి చేత్తో ఎత్తి, ఒకసారి ఆడించి, తిరిగి పెట్టాడు.

"కరణం సామీ," అన్నాడు. "మైదుకూరోళ్లను తూచిన రాళ్లతోనే మమ్మల్ని కూడా తూపిచ్చండి. ఇంకేమీ అడగను."

"రాళ్లు రాళ్లేరా," అన్నాడు రామలింగయ్య. "మణుగు యాడైనా మణుగే. అవి కాలుతాండాయని చెప్తాంటే."

"కాలనీ శెట్టీ. మొయ్యాల్సింది నేను కదా. తొమ్మిదేండ్లు ఎత్తినా. ఏ రాయి ఏదో నా అరచెయ్యే చెప్తాది."

వాడు దిగి బండి దగ్గరికి నడిచాడు. సంచి లాగి, రాళ్లు రెండు చేతులా పట్టుకుని వచ్చి పళ్లెంలో పెట్టాడు. చేతులు ఎర్రబడ్డాయి. వాడు చూసుకోలేదు. కరణం రామలింగయ్య వైపు చూశాడు. ఒప్పుకుంటే సుందరం ఆడతాడు, అంతే కదా, కాదంటే ఆట ఆగిపోయి పేరు పోతుంది అని రామలింగయ్య గబగబా లెక్క వేసి, "తూచుకోండి" అన్నాడు. ఆయన జీవితంలో అంత తొందరగా చేసిన లెక్క ఇంకొకటి లేదు. అంత తప్పు లెక్క కూడా లేదు.

సుందరం ఐదు మణుగుల ఆరు వీశెలు తూగాడు. ఏడుగురూ కలిసి ముప్పై ఐదు మణుగుల ఆరు.

బండి మీద కూర్చున్న పెద్ద ఈరన్న అనే రైతు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"కరణం సామీ, ఇంగోతూరి చదువు."

కరణం చదివాడు.

"అయితే, చుట్ట కాల్చేంతలో మూడు మణుగుల ముప్పావు తగ్గిపాయ. యాడికి పాయనప్పా? చెమటగా కారిపాయనా?"

కొందరు నవ్వారు. ఈరన్న నవ్వలేదు. "పోయిన కార్తీకంలో నావి నలభై మూటలు తూచినారు. ఏ రాళ్లతో తూచినారు శెట్టీ? కాలేవాటితోనా, నీడలో ఉండేవాటితోనా?"

బండ్ల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే దిగడం రామలింగయ్యకు కనిపించింది. మునిగే సరుకుకు భాగస్తుణ్ణి వెతుక్కోమని కూడా తండ్రే చెప్పాడు. ఆయన రెండు అరచేతులూ పైకెత్తి చూపించాడు.

"ఈరన్నా, చూడు. ఈ చేతులతో నీ కాయలు ఎన్నడన్నా తూచినానా? తూచినోడు వాడు. తొమ్మిదేండ్లు. ఏ రాయి ఏదో అరచెయ్యే చెప్తాదని ఇప్పుడే అన్నాడు, మీరందరూ విన్నారు. ఈపొద్దు వాని ఆటకు చెప్పిన అరచెయ్యి, మీ కాయలప్పుడు ఎందుకు చెప్పలేదు? పాలు తాగతాండె కదా అప్పుడు." గుంపులో ఎర్రంచు తెల్లచీరలో నిలబడ్డ ముసలామె మీద ఆయన చూపు ఆగింది. "జీవమ్మా, నువ్వూ ఈడే ఉండావు. నీ కాయలు తూచింది ఎవరు?"

జీవమ్మ ముందుకు వచ్చింది. కొడుకు ముందు నిలబడింది.

"నిజమేనా?"

సుందరం నేల చూశాడు.

"నావి కూడానా?"

"అమ్మా, నీకొక్కదానికి వేరే రాళ్లు వేస్తే..."

"గమ్మునుండు."

ఆమె వెనక్కి నడిచింది. గుంపులో ఎవరో ఉమ్మారు. అది ఎవరి మీదో చెప్పడం కష్టం. కానీ అప్పటిదాకా రామలింగయ్య వైపు తిరిగి ఉన్న ముఖాలు సగం సుందరం వైపు తిరిగాయి. సగం నష్టం తగ్గిందని రామలింగయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

ఆట జరిగింది. జరపకపోతే కొట్లాట అయ్యేది. సుందరం కూతకు వెళ్లిన ప్రతిసారీ ఒకప్పుడు వాడితో పాటు కూత అందుకున్న జనమే, "ఎన్ని వీశెలప్పా సుందరం" అని అడిగారు. "ఊపిరి రెండు, రాళ్లు కూడా రెండేనా" అని ఒకడు అరిచాడు. వాడు బదులివ్వడానికి లేదు, కూత తెగుతుంది. అయినా వాడి ఆట వాడి దగ్గరే ఉంది. పొద్దు వాలేసరికి రెండు జట్లూ చెరి సగం ఆటలు గెలిచి సమానంగా నిలిచాయి. చివరి ఆటలో మైదుకూరు వైపు ముగ్గురు మిగిలారు, రాజంపేట వైపు సుందరం ఒక్కడు.

వాడు నడిగీత దాటాడు. ఇద్దరిని తాకాడు. గీత వైపు మళ్లాడు. జట్టుకు నాయకుడూ, మైదుకూరు ఏడుగురిలో అందరికంటే బరువైనవాడూ అయిన మౌలాలి వెనకనుంచి వాడి కట్టు మోకాలిని పట్టాడు. పట్టు నేర్పింది సుందరమే. మిగతా ఇద్దరూ మీద పడ్డారు. సుందరం కూత ఆపకుండా పాకాడు. చెయ్యి గీతకు మూరెడు దూరంలోకి వచ్చింది. ముగ్గురినీ ఈడ్చుకుంటూ ఇంకో జానెడు వచ్చింది. మోకాలు చప్పుడు చేసింది. కూత తెగింది.

రామలింగయ్యకు ఆ క్షణంలో ఒక సంగతి తోచింది. ఎంత వద్దనుకున్నా ఆయన బుర్ర తూచడం మానదు. కొనే రాళ్లకు ముప్పై ఏడు ముప్పావు తూగిన మైదుకూరు జట్టు నిజానికి ముప్పై తొమ్మిది దాటుతుంది. అమ్మే రాళ్లతో మైదుకూరు వాళ్లను తూచమని సుందరం అడిగి ఉంటే మౌలాలిని దించాల్సి వచ్చేది. వాడు తను ఎక్కే లెక్కే చేసుకున్నాడు, ఎదుటివాణ్ణి దించే లెక్క చెయ్యలేదు. తొమ్మిదేళ్లు మండీలో ఉండి కూడా వాడు ఆటగాడిగానే మిగిలాడు.

మైదుకూరు గెలిచింది. ఈల వేసినవాడు లేడు. రామలింగయ్య తెప్పించిన పూలదండ బుట్టలోనే ఉండిపోయింది. రాజంపేట బస్సు బయలుదేరేటప్పుడు నాగసుబ్బయ్య కిటికీలోంచి, "కాలు చాపుకునేంత చోటు లేదప్పా" అన్నాడు. సుందరాన్ని దారి పక్క బండల మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లవారేసరికి మండీ ముందు బండ్లు బారు కట్టి ఉన్నాయి. రామలింగయ్య తలుపు సందులోంచి చూసి, లెక్కపెట్టి, నలభైకి పైనే ఉన్నాయని పొంగిపోయాడు. పదును ఆరిపోతోంది, విత్తనం కావాలి, కోపంతో చేను విత్తలేరు కదా అనుకున్నాడు. తలుపులు తెరిచాడు. ముందు బండి పెద్ద ఈరన్నది.

"పది మణుగుల విత్తనం తూపిచ్చు శెట్టీ."

అమ్మే రాళ్లు పళ్లెంలో ఉన్నాయి. ఈరన్న వాటి వైపు చూడలేదు.

"అవి కాదు. మా కాయలు తూచినావే, అవి తియ్."

"ఈరన్నా, ఆ రాళ్లతో అమ్మితే నాకేం మిగల్తాది?"

"మిగిల్తే నీది. మిగలకపోతే తొమ్మిదేండ్లు మాకు మిగలనిదే అది."

వెనక బండ్లవాళ్లు అరవలేదు. ఎద్దులను విప్పి మేత వేశారు. వాళ్లు పోరు, కొనరు, అక్కడే ఉంటారు. ఇంకో పక్షం దాటితే విత్తనపు కాయ గానుగకు తప్ప దేనికీ పనికిరాదు. రామలింగయ్య కొనే రాళ్లున్న గోనెసంచి తెప్పించాడు.

అప్పుడు ఒక ఎరువు బండి వచ్చి ఆగింది. జీవమ్మ దాని పక్కన నడిచి వచ్చింది. బండిలో సుందరం, మోకాలికి రెండు వెదురుబద్దలు కట్టుకుని.

"నాకు నాలుగు మణుగులు," అంది జీవమ్మ. "మా వాడే తూచాల."

"వాడు నిలబడలేడు కదమ్మా."

"నా కాయలు తూచిన చెయ్యే తూచాల. కూర్చోని తూస్తాడు." కొడుకు వైపు తిరిగింది. "దిగు."

ఎవరూ చెయ్యి అందివ్వలేదు. సుందరం బండి అంచు పట్టుకుని దిగి, పిరుదుల మీద జరుగుతూ వచ్చి, మండీ గడప మీద కూర్చున్నాడు. అరచేతుల్లో నిన్నటి బొబ్బలు ఉన్నాయి. రాయి ఎత్తి పళ్లెంలో పెట్టాడు.

"అదేనా?" అని అడిగింది జీవమ్మ, కొడుకును.

"అదే."

ముల్లు నిలబడే దాకా ఆమె చూపు తిప్పలేదు. తర్వాత గోతం మూతి కట్టుకుని, కొడుకును అక్కడే వదిలి, బండి పక్కకు పోయి నిలబడింది.

"నా పది కూడా వాడే తూచాల," అన్నాడు ఈరన్న. "ఎవడు ముంచినాడో వాడే తేల్చాల."

"నావీ అంతే," అన్నాడు వెనకవాడు.

బారు పొడుగునా ఆ మాట పోయింది. సుందరం నుదుటి మీద చెమట పట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బారు చివర ఎక్కడుందో చూశాడు. తర్వాత రామలింగయ్య వైపు చూశాడు.

"శేరు పాలు తెప్పిచ్చు శెట్టీ," అన్నాడు. "లేకుంటే ఇంగో రాయి ఎత్తను. బండ్లు ఈడే ఉంటాయి, నీ కాయలూ ఈడే ఉంటాయి."

రామలింగయ్య వాణ్ణి చూశాడు. ఆయన తల మీద గోడకు పూలదండ ఫొటో ఇంకా వేలాడుతోంది. బండ్లను చూశాడు. వాడి ముఖం మీద ఉమ్మాలనిపించింది. లోపలికి తిరిగి, పాలు తెమ్మని కేక వేశాడు.